లాగిన్ పేజీలకు సీడీఎన్ పనికొస్తుందా? సంక్రాంతి టికెట్ల సైటు నడిపిన అనుభవంతో ఒక సమాధానం

మీరు చెన్నైలో ఉండి, అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పే సైటు నడుపుతున్నామని, సర్వర్ ముంబైలో ఉందని, పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని న్యూజెర్సీ, డల్లాస్ తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తున్నారని రాశారు. లాగిన్ అయిన మనిషిని బట్టి ప్రతి పేజీ మారిపోతుంది కాబట్టి సీడీఎన్ (వాడుకరులకు దగ్గరగా ఊరూరా సర్వర్లు పెట్టి సైటును అందించే సేవ) పెట్టినా లాభం లేదని, అది బొమ్మలకూ వీడియోలకే పనికొస్తుందని మీ డెవలపర్ అన్నారట. ఆ మాటలో సగమే నిజం. బెంగళూరు నుంచి ఆంధ్ర, తెలంగాణ ఊళ్లకు బస్సు టికెట్లు అమ్మే ఒక చిన్న సంస్థలో నేను ఆరేళ్లు సర్వర్ల బాధ్యత చూశాను. మా పేజీలు కూడా నిమిషానికి పదిసార్లు మారేవే. వాటిని సీడీఎన్ వెనక్కు తెచ్చే క్రమంలో నేర్చుకున్నదీ, ఒకసారి పెద్ద తప్పు చేసి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సీడీఎన్ నిజానికి రెండు పనులు చేస్తుంది. జవాబును వాడుకరికి దగ్గరలో నిల్వ ఉంచడం మొదటిది. మీ డెవలపర్ చెప్పినది దీని గురించే. నిల్వ చేయడానికి వీల్లేని జవాబును కూడా త్వరగా తెచ్చిపెట్టడం రెండవది. ఈ రెండో పని గురించి చాలామంది ఆలోచించరు గానీ, మీ ఇబ్బందికి ముందుగా అక్కరకు వచ్చేది అదే.

లెక్క చూడండి. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. న్యూజెర్సీ నుంచి ముంబైకి గీత గీసినట్టు తిన్నగా పోయినా దాదాపు 12,500 కిలోమీటర్లు, అంటే రానూపోనూ కనీసం 125 మిల్లీసెకన్లు. సముద్రపు కేబుళ్లు తిన్నగా పోవు, దారిలో రౌటర్లు ఉంటాయి. అందువల్ల మేము కొలిచినప్పుడల్లా అది 200కు అటూ ఇటూగా తేలేది. ఈ దూరం ఒక్కసారి దాటితే సరిపోతే ఎవరికీ బాధ ఉండదు. బ్రౌజర్ ముందు టీసీపీ కనెక్షన్ (సర్వర్‌తో మాట్లాడే దారి) కోసం ఒకసారి వెళ్లి రావాలి. తర్వాత టీఎల్‌ఎస్ (సంభాషణను గుప్తంగా ఉంచే) తాళం బిగించుకోవడానికి, పాత 1.2 వెర్షన్ అయితే రెండుసార్లు, 2018లో ఖరారైన 1.3 అయితే ఒకసారి వెళ్లి రావాలి. ఆ పైన అసలు అభ్యర్థన ఇంకోసారి. పాత పద్ధతిలో నాలుగు ప్రయాణాలు, అంటే 800 మిల్లీసెకన్లు. మీ సర్వర్ పేజీ తయారు చేయడానికి తీసుకునే సమయం ఇందులో కలపనే లేదు. మధ్యలో సీడీఎన్ ఉంటే టీసీపీ, టీఎల్‌ఎస్ రెండూ న్యూజెర్సీలోనే, 15 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న ఎడ్జ్ సర్వర్‌తో (వాడుకరికి దగ్గరలోని సీడీఎన్ సర్వర్‌తో) పూర్తవుతాయి. ముంబైకి ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ మీద అసలు అభ్యర్థన ఒక్కటే సముద్రం దాటుతుంది. అప్పుడు మొత్తం 250 మిల్లీసెకన్ల దగ్గర ఆగుతుంది. ఇందులో ఒక్క అక్షరం కూడా నిల్వ చేయలేదన్నది గమనించండి. మీ విద్యార్థి హాజరు పట్టిక, ఫీజు బాకీ, పాఠం మీద గురువుగారి వ్యాఖ్య, అన్నీ ఎప్పటికప్పుడు మీ డేటాబేసు నుంచే వస్తాయి.

ఇంకో లాభం కూడా ఉంది. కొత్త టీసీపీ కనెక్షన్ మీద సర్వర్ మొదట పది ప్యాకెట్లు, అంటే సుమారు 14 కిలోబైట్లు పంపి, అందినట్టు కబురు వచ్చాక దానికి రెట్టింపు, ఆపై మళ్లీ రెట్టింపు పంపుతుంది. మీ పేజీ 60 కిలోబైట్లయితే మూడు విడతలు పడుతుంది. 200 మిల్లీసెకన్ల దూరంలో ప్రతి అదనపు విడతకూ మరో 200. ఎడ్జ్‌కూ ఒరిజిన్‌కూ, అంటే మీ అసలు సర్వర్‌కూ, మధ్య వాడుకలో ఉన్న కనెక్షన్ అప్పటికే వేగం అందుకుని ఉంటుంది కాబట్టి అదే పేజీ ఒకే విడతలో దాటిపోగలదు.

అయితే ఆ కనెక్షన్ నిజంగా తెరిచే ఉందా అన్నది మీరు స్వయంగా చూసుకోవాలి. మా దగ్గర మొదటి నెలలో ఆశించిన లాభం సగం కూడా కనబడలేదు. కారణం వెతికితే, మా నోడ్ (జావాస్క్రిప్ట్‌తో నడిచే) సర్వర్ ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను 5 సెకన్లకే మూసేస్తోంది. దాని డీఫాల్ట్, అంటే మనం మార్చకపోతే ఉండే విలువ, అదే. మరో సర్వర్ ప్రోగ్రాము ఎన్‌జిన్‌ఎక్స్ డీఫాల్ట్ 75 సెకన్లు. రద్దీ తక్కువగా ఉండే మధ్యాహ్నం పూట రెండు అభ్యర్థనల మధ్య 5 సెకన్ల కంటే ఎక్కువ విరామం ఉండేది కాబట్టి ప్రతిసారీ కొత్త కనెక్షన్, కొత్త తాళం. పైగా ఎడ్జ్ అభ్యర్థన పంపిన క్షణంలోనే సర్వర్ తలుపు మూసేస్తే వాడుకరికి 502 లోపం కనబడేది. రోజుకు పది పదిహేను మాత్రమే వచ్చే ఆ లోపాల మూలం పట్టుకోవడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఒరిజిన్‌లో ఆ గడువు సీడీఎన్ గడువు కంటే ఎక్కువగా ఉండేటట్టు పెట్టగానే రెండు సమస్యలూ ఒకేసారి పోయాయి. లైనక్స్‌లో ఖాళీ కనెక్షన్ వేగాన్ని మళ్లీ మొదటికి దించే అమరిక ఒకటి ఉంటుంది, అది డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. దాన్ని కూడా చూడండి.

ఏదీ మార్చకముందే కొలవండి. కర్ల్ పనిముట్టు టీసీపీ ఎప్పుడు కలిసింది, టీఎల్‌ఎస్ ఎప్పుడు ముగిసింది, మొదటి బైటు ఎప్పుడు వచ్చింది అన్న మూడు సమయాలను విడివిడిగా చూపుతుంది. మీ తల్లిదండ్రులలో సాంకేతికం తెలిసినవారు ఒక్కరైనా ఉంటారు; వారి ఇంటి కంప్యూటర్ నుంచే కొలిపించండి. మొదటి రెండు అంకెలే పెద్దవైతే సీడీఎన్ వెంటనే పని చేస్తుంది. ఆ రెండూ చిన్నవిగా ఉండి, మొదటి బైటు మాత్రం రెండు సెకన్లకు వస్తుంటే లోపం మీ డేటాబేసు ప్రశ్నలో ఉంది. దాన్ని సరిచేయకుండా సీడీఎన్ కొంటే డబ్బు దండగ. మా సైటులో ప్రయాణ చరిత్ర పేజీ అలాంటిదే. ఒక ఇండెక్సు (డేటాబేసులో త్వరగా వెతకడానికి ఉండే సూచిక) చేర్చాక 1,400 మిల్లీసెకన్ల నుంచి 60కి దిగింది. ఏ సీడీఎన్ కూడా ఆ పని చేసి ఉండేది కాదు.

ఈ లాభమంతా దూరం మీదే ఆధారపడి ఉంది కాబట్టి, వాడుకరులందరూ బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లోనే ఉండి, సర్వర్ ముంబైలో ఉన్నవారికి ఈ మొదటి లాభం అంతగా కనబడదు. ఇక్కడి నుంచి ముంబైకి రానూపోనూ 25 మిల్లీసెకన్ల లోపే. మిగిలేది యాభై, అరవై మాత్రమే. అది కూడా మీ ఇంటర్నెట్ సంస్థ మిమ్మల్ని దగ్గరి ఎడ్జ్‌కే పంపితేనే. చాలా సీడీఎన్‌లు జవాబుతో పాటు వచ్చే హెడర్లలో (వివరాల వరుసల్లో) ఎడ్జ్ ఏ ఊరిలో ఉందో విమానాశ్రయం కోడ్‌తో చెబుతాయి: బెంగళూరుకు బీఎల్ఆర్, చెన్నైకి ఎంఏఏ, ముంబైకి బీఓఎమ్. ఒక వారం పాటు మారతహళ్లిలోని మా ఆఫీసులో ఒక బ్రాడ్‌బ్యాండ్ మీద బీఎల్ఆర్ వస్తుంటే, పక్క గదిలోని ఇంకో కనెక్షన్ మీద సింగపూర్ కోడ్ ఎస్ఐఎన్ వచ్చేది. ముంబైలోని మా సర్వర్‌కు మేము సింగపూర్ మీదుగా వెళ్తున్నామన్నమాట. ఆ కనెక్షన్ మీద సీడీఎన్ మమ్మల్ని నెమ్మదింపజేసింది. అందుకే ఎవరి మాటా నమ్మకుండా హెడర్ తెరిచి చూడమంటాను.

ఇక నిల్వ విషయానికి వస్తాను. డైనమిక్ (అడిగినప్పుడల్లా ప్రోగ్రాము తయారుచేసే పేజీ) అన్న మాట ఇక్కడ మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఒక జవాబును కాష్‌లో, అంటే ఆ నిల్వలో, పెట్టవచ్చా లేదా తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను: ఇది ఎవరిది? ఎంతసేపు నిజంగా ఉంటుంది? ప్రోగ్రాము నుంచి పుట్టిందా, ఫైలు నుంచి వచ్చిందా అన్నది అసలు సంగతే కాదు.

జనవరి 12 రాత్రి బెంగళూరు నుంచి విజయవాడకు బస్సులు వెతికే పేజీని తీసుకోండి. సీట్ల లెక్క క్షణక్షణం మారుతుంది కాబట్టి అది కాష్‌కు పనికిరాదనే మేమూ అనుకున్నాం. కానీ ఆ జవాబు ఏ ఒక్కరిదీ కాదు; ఆ క్షణాన అడిగిన అందరికీ ఒకటే. మనిషి తెర మీద జాబితా చూసి, బస్సు ఎంచుకుని, సీటు నొక్కేలోపు ఎలాగూ ఇరవై, ముప్పై సెకన్లు గడుస్తాయి. అంటే కాష్ లేకపోయినా ఆయన చూస్తున్నది పాత లెక్కే. కాబట్టి దానికి 2 సెకన్ల గడువు ఇచ్చాం. పండుగ టికెట్లు తెరిచిన సాయంత్రం ఈ ఒక్క వెతుకులాటకే సెకనుకు 300 అభ్యర్థనలు వచ్చాయనుకోండి, 2 సెకన్లలో 600 అవుతాయి. బెంగళూరు ఎడ్జ్ నుంచి మా సర్వర్ దాకా వచ్చేది వాటిలో ఒక్కటే. గడువు తీరిన క్షణంలో అందరూ ఒక్కసారిగా ఒరిజిన్ మీద పడకుండా, ఒకేలాంటి అభ్యర్థనలను ఒకటిగా కలిపే సదుపాయం మీ సీడీఎన్‌లో ఉందో లేదో ముందే కనుక్కోండి. 2010లో వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5861లోని స్టేల్-వైల్-రీవ్యాలిడేట్ కూడా ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. గడువు తీరిన జవాబునే వెంటనే ఇచ్చేసి, వెనుక కొత్తదాన్ని తెచ్చుకొమ్మని దాని అర్థం.

సీటు బిగించే అభ్యర్థన మాత్రం ఎప్పుడూ పోస్ట్‌గానే (సర్వర్‌లో ఏదైనా మార్చమని అడిగే రకంగానే) వెళ్లాలి, ఎక్కడా నిల్వ కాకూడదు, డేటాబేసులో తాళం వేసి తేల్చాలి. ఎవరైనా అప్పటికే ఆ సీటు తీసుకుని ఉంటే "ఈ సీటు ఇప్పుడే నిండింది, పక్క సీటు చూడండి" అని చెప్పాలి. చూపించే చోట రెండు సెకన్ల పాతదనాన్ని ఒప్పుకోగలిగేది, అమ్మే చోట ఒక్క క్షణం పాతదనాన్ని కూడా ఒప్పుకోకపోవడం వల్లనే.

కాష్ తాళంచెవి, అంటే ఏ అభ్యర్థనలు ఒకటేనని సీడీఎన్ లెక్కిస్తుందో ఆ నియమం, మీద కూడా కొంచెం సమయం పెట్టండి. వాట్సాప్, ఫేస్‌బుక్ లింకుల నుంచి వచ్చేవారి చిరునామా చివర రకరకాల గుర్తులు అతుక్కుని ఉంటాయి. వాటిని తీసేయకపోతే ఒకే పేజీ వెయ్యి వేరువేరు పేజీలుగా నిల్వ అవుతుంది. కుకీని (వాడుకరిని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో ఉంచే చీటీని) తాళంచెవిలో కలిపితే మనిషికో కాపీ తయారై కాష్ ఉన్నా లేనట్టే. మాకు తెలుగు, కన్నడ, ఇంగ్లిషు పేజీలుండేవి. మొదట బ్రౌజర్ పంపే భాషా హెడర్‌ను బట్టి వేరు చేశాం. ఆ హెడర్ ఒక్కో ఫోనులో ఒక్కోలా ఉండి కాపీలు లెక్కకు మించిపోయాయి. భాషను చిరునామాలోకే తెచ్చాక మూడే మిగిలాయి.

ఇప్పుడు మేము చేసిన తప్పు. దాన్ని దాచుకోకుండా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. పండుగ బుకింగ్ తెరిచిన రోజు రాత్రి ఎనిమిదింటికి సర్వర్లు ఊపిరి తీసుకోలేని స్థితిలో ఉన్నాయి. బస్సుల వివరాలుండే దారి కింది పేజీలన్నింటినీ 60 సెకన్లు నిల్వ చేయమని మేము ఒక నియమం పెట్టాం. "నా ప్రయాణాలు" పేజీ కూడా అదే దారి కింద ఉందన్న సంగతి ఆ తొందరలో ఎవరికీ తట్టలేదు. కొద్దిసేపటికి మా సహాయ నంబరుకు ఒకావిడ ఫోను చేశారు. "బాబూ, నేను గుంటూరుకు టికెట్ తీసుకున్నాను. నా ప్రయాణాలు అని నొక్కితే ఎవరో వేరే ఆయన పేరూ, ఫోన్ నంబరూ వస్తున్నాయి. నా వివరాలు కూడా ఇలాగే ఇంకెవరికైనా కనబడుతున్నాయా?" ఆవిడ అడిగిన రెండో మాట నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అవునన్నదే దానికి జవాబు.

నియమం తీసేసి, కాష్ మొత్తం ఖాళీ చేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంతటితో అయిపోయిందనుకున్నాం, కాలేదు. మా ఫ్రేమ్‌వర్క్ ప్రతి జవాబుతో పాటు సెషన్ కుకీని కొత్తగా పంపేది. ఆ కుకీ కూడా జవాబుతో కలిసి నిల్వ అయ్యింది. అంటే ఆ పేజీ అందుకున్నవారు వేరొకరి పేరు చూడడమే కాదు, ఆ వేరొకరుగా లాగిన్ అయి ఉన్నారు. కాష్ ఖాళీ చేసినా వారి బ్రౌజర్లలోని కుకీ పోదు. పండుగ రద్దీ మధ్యలో అందరి సెషన్లూ రద్దు చేసి, అందరినీ బయటికి పంపి, లాగ్‌లు చూసి ప్రభావితమైన ప్రతి ఒక్కరికీ ఫోను చేసి జరిగినది చెప్పాం. ఆ రాత్రి ఇంటికి వెళ్లేసరికి తెల్లవారింది.

కుకీని పంపే సెట్-కుకీ హెడర్ ఉన్నంత మాత్రాన జవాబు నిల్వ కాకుండా ఆగదని హెచ్‌టీటీపీ కాషింగ్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 9111 స్పష్టంగా చెబుతుంది. వార్నిష్ లాంటి కాష్ ప్రోగ్రాములు డీఫాల్ట్‌గా అలాంటి జవాబును నిల్వ చేయవు గానీ, ఆ జాగ్రత్త వారు ఇచ్చినదే తప్ప ప్రమాణం ఇచ్చినది కాదు. మనం రాసే ఒక్క నియమం దాన్ని దాటేయగలదు. అదే ప్రమాణంలో ఇంకో మెలిక ఉంది. ఆథరైజేషన్ (లాగిన్ ఆధారం) హెడర్‌తో వచ్చిన అభ్యర్థనకు ఇచ్చే జవాబును సీడీఎన్ లాంటి ఉమ్మడి కాష్ నిల్వ చేయకూడదు, కానీ మీరు దాని మీద ఎస్-మ్యాక్స్ఏజ్ (ఉమ్మడి కాష్‌కు ఇచ్చే గడువు) రాస్తే అనుమతి ఇచ్చినట్టే. నో-కాష్ అంటే నిల్వ చేయవద్దని కాదు, వాడే ముందు ఒరిజిన్‌ను అడిగి చూడమని. నిల్వే వద్దనుకుంటే నో-స్టోర్ అని రాయాలి. ఈ తేడా తెలియని సీనియర్లను కూడా నేను చూశాను.

ఇలాంటిది పెద్ద సంస్థలకూ జరిగింది. 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ ఆటల దుకాణంలో, దాడిని తట్టుకోవడానికి మార్చిన కాషింగ్ అమరిక వల్ల ఒకరి ఖాతా పేజీలు మరొకరికి కనబడ్డాయి. సుమారు 34,000 మంది వివరాలు అలా బయటపడి ఉండవచ్చని దాన్ని నడిపే వాల్వ్ సంస్థే ప్రకటించింది. మాదీ వారిదీ ఒకే కథ: భారం మీద పడినప్పుడు తొందరలో రాసిన నియమం.

2017లో ఓమర్ గిల్ అనే భద్రతా పరిశోధకుడు చూపిన మోసాన్ని కూడా తెలుసుకోండి. ఖాతా పేజీ చిరునామా చివర ఏదో ఒక పేరు, దాని వెనుక సీఎస్‌ఎస్ అని అతికించి ఆ లింకును బాధితుడికి పంపుతారు. మీ సర్వర్ చివరి ముక్కను పట్టించుకోకుండా ఖాతా పేజీనే ఇస్తే, సీడీఎన్ చివరి అక్షరాలు చూసి అది స్టైల్ ఫైలనుకుని నిల్వ చేస్తుంది. తర్వాత దాడి చేసినవాడు అదే లింకు తెరిచి చదువుకుంటాడు. చిరునామా తోకను చూసి కాష్ చేసే నియమాలను అందుకే మేము పూర్తిగా మానేశాం.

మీ సైటుకు నేనైతే ఇలా చేస్తాను. మొత్తం డొమైన్‌ను సీడీఎన్ వెనక పెట్టి, మొదటి రెండు వారాలు దేన్నీ నిల్వ చేయకుండా కేవలం దారిగా వాడతాను. అమెరికా ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనితోనే తగ్గాలి. ఇదే సమయంలో సర్వర్ లాగ్‌లలో, లాగిన్ ప్రయత్నాల పరిమితిలో వాడుకరి అసలు ఐపీ చిరునామా కనబడుతోందో లేదో సరిచూసుకుంటాను. లేకపోతే ఎడ్జ్ చిరునామాను దాడిగా భావించి మీ సర్వర్ ఒక ప్రాంతం మొత్తాన్ని తలుపు బయటే ఆపేస్తుంది. ఒరిజిన్‌ను సీడీఎన్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ చేరుకోలేకుండా మూయడం కూడా అప్పుడే చేయాలి.

తర్వాత అందరికీ ఒకటిగా ఉండేవాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి అనుమతిస్తాను: తరగతుల వేళల పట్టికకు 60 సెకన్లు, గురువుల పరిచయానికి ఒక గంట, రాగాల పాఠ్యక్రమానికి ఒక రోజు. పేరు చెప్పనిదేదీ నిల్వ కాకూడదు. పేజీ పైన "నమస్కారం, ఫలానా గారూ" అన్న వరుస, రాబోయే తరగతి లింకు ఉంటాయి కదా, ఆ రెండింటినీ పేజీలోంచి తీసేసి ప్రైవేట్, నో-స్టోర్ అని రాసిన వేరే చిన్న అభ్యర్థనతో తెచ్చుకునేటట్టు మారుస్తాను. అప్పుడు మిగిలిన పేజీ అందరిదీ అవుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. పేజీని ముక్కలుగా చేసి ఎడ్జ్‌లో అతికించే ఈఎస్‌ఐ పద్ధతిని 2001లోనే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకి సమర్పించారు. ఇప్పుడు బ్రౌజరే ఆ అతుకు వేయగలదు కాబట్టి మీకు అంత యంత్రాంగం అక్కరలేదు.

ప్రతి మార్పు తర్వాత రెండు వేరు ఖాతాలతో, రెండు వేరు బ్రౌజర్లలో, ఒకే పేజీని ఒకదాని వెంట ఒకటి తెరిచి చూడండి. జవాబులో ఏజ్ హెడర్ (ఎన్ని సెకన్లుగా కాష్‌లో ఉందో చెప్పేది) ఉండి, అందులో సున్నా కంటే పెద్ద అంకె కనబడి, అదే జవాబులో ఒక మనిషి పేరు కూడా ఉంటే అక్కడే ఆపేయండి. మేము ఆ సంఘటన తర్వాత ఈ పరీక్షను ప్రతి విడుదలకు ముందూ తనంతట తానే నడిచేలా పెట్టాం. మీ సర్వర్ ఏ ఫ్రేమ్‌వర్క్‌తో నడుస్తోందో, న్యూజెర్సీ నుంచి కర్ల్ చూపిన మూడు సమయాలు ఎంతో ఇక్కడ రాస్తే, ఏ చిరునామాకు ఎంత గడువు ఇవ్వవచ్చో విడివిడిగా చెప్పగలను.